కంటి పక్క చక్రం

“నాకు రాదులే అక్కా. నేర్చుకునేవాళ్లెవరికైనా ఇచ్చెయ్,” అంటూ చెల్లెలు కెమెరాను బల్ల మీద పెట్టింది.

అక్క మొదట ఫొటోలు నేర్చుకున్న పాత డీఎస్ఎల్ఆర్ అది. ఏడాది కిందట చెల్లెలికిచ్చింది. లెన్సును చేత్తో తిప్పి ఫోకస్ చూసుకోవాలి. చెల్లెలు తీసినవన్నీ మసకే. “దీనికి చెయ్యి నిలవదర్రా!” అని అక్క ఇంటిల్లిపాదినీ నవ్వించింది కూడా.

అక్క తన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కిటికీలోని పూలకుండీని ఫొటో తీసింది. ఆకు మీది దుమ్ముతో సహా పడింది.

“పాతదైనా లక్షణంగా ఉందే! కొత్తవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?”

“నీకు బాగానే ఉంటుంది. నాకే ఎప్పుడు చూసినా మంచు పట్టినట్టుంటుంది.”

అక్క కళ్లజోడు పెట్టుకుని మళ్లీ కెమెరాలోంచి చూసింది. కుండీ అలుక్కుపోయింది.

కన్ను ఆనించే చోటి పక్కన, ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్లు తిప్పుకోవడానికి చిన్న చక్రం ఉంటుంది. అది కళ్లజోడు లేని తన కంటికే తిప్పి ఉందన్న మాట, చూపు బాగున్న చెల్లెలికి ఆమె చెప్పనేలేదు. కళ్లజోడుతోనే తేటగా కనిపించేదాకా దాన్ని తిప్పి, చెల్లెలికి అందించింది.

“అబ్బ, ఎంత బాగుందో! నువ్వు ముట్టుకుంటే చాలక్కా, మాట వింటుంది.”

అక్కకి తల కొట్టేసినట్టయింది.

“నా మొహం! ఈ పక్కనున్న చక్రం నా కంటికి తిప్పి ఉందే. నీకు చెప్పకపోగా నలుగురిలో నవ్వులపాలు చేశాను.”

చెల్లెలు కెమెరా దించలేదు. మెల్లగా అక్క వైపు తిప్పింది.

“తల దించుకోకు. ఇప్పుడు సరిగ్గా కనిపిస్తున్నావు.”