హీర్యా ఓడిన కుస్తీ

టేకుమట్ల జాతరలో ఆఖరి కుస్తీ.

“ముప్పై ఏళ్ళ సంది ఓటమి తెలవని గూడూరు హీర్యా పహిల్వాన్!” మైకు అరిచింది.

హీర్యా బరిలోకి దిగాడు. యాభై నాలుగేళ్ళు. వెనక గురువు లేడు, మనుషులు లేరు. ఏ జాతరకైనా ఒక్కడే బస్సెక్కి వస్తాడు. గెలిచి ఒక్కడే పోతాడు.

ఎదురుగా ఊరి పిల్లవాడు యుగేందర్. ఇరవై రెండేళ్ళు. గట్టు మీద అతని తండ్రి ఎల్లస్వామి.

“ఏం తాతా, పండ్లున్నయా, ఊడినయా?” అన్నాడు ఎల్లస్వామి.

“ఉన్నయ్. నీ కొడుకు పడ్డంక నవ్వుత, అప్పుడు సూడు.”

పట్టు మొదలైంది. యుగేందర్ తల వంచి కాళ్ళ మీదికి దూకాడు. హీర్యా పక్కకు తప్పుకున్నాడు. పిల్లవాడు బోర్లా పడ్డాడు. హీర్యా మీదికెక్కాడు.

ఇక వెల్లకిలా తిప్పితే చాలు. వీపు మట్టికి ఆనితే గెలుపు.

హీర్యా తిప్పలేదు. మోకాళ్ళ మీద నిలిచి, రెండు చేతులతో పిల్లవాడి తలను పట్టుకొని ఉండిపోయాడు.

“తిప్పు!” రెఫరీ కసిరాడు.

హీర్యా యుగేందర్ చెవి దగ్గరికి వంగాడు.

“దమ్ముంటే నేను లేసెదాంక కదలకుంట ఉండు. కదిలినవో, ఓడినట్టే.”

“నేనా? కదల. సూద్దాం.”

హీర్యా తలెత్తాడు. “108 బండిని పిలువుండ్రి.”

“ఎవలికి?”

“నాకే. నడుము పట్టింది. లేవొస్తలేదు.”

జనం పగలబడి నవ్వారు. జనానికి ఎవరో ఒకరు పడాలి. ఎవరైతే ఏం.

“బండిని పిలిస్తే ఓడినట్టే,” అన్నాడు రెఫరీ.

“ఓడిన. పిలువు.”

యుగేందర్ గెలిచాడని మైకు చెప్పింది. భుజాల మీద ఊరేగించడానికి కుర్రాళ్ళు బరిలోకి ఉరికారు.

హీర్యా వదల్లేదు.

“ఓడినోనివి, ఇంకేం పట్టుడు? ఇడువు!” ఎల్లస్వామి చెప్పు తీశాడు.

వీపు మీద పడింది. వెనకే ఇంకెవరిదో. ఇంకెవరిదో.

“మైకుతోని మనకేం పని?” హీర్యా యుగేందర్‌తో అన్నాడు. “పందెం మనిద్దరిదే. కదలకు.”

బండి వచ్చింది. అందులోంచి దిగిన నర్సు అఖిల మోకాళ్ళ మీద కూర్చుంది. హీర్యా ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె యుగేందర్ మెడకు పట్టీ బిగించింది.

అప్పుడు హీర్యా చేతులు తీశాడు. లేచాడు. అంగీ భుజాన వేసుకొని నిటారుగా నడిచి వెళ్ళాడు.

“నడుము పోయినోడు ఎట్ల నడుస్తుండు సూడుండ్రి, దొంగ!” ఎల్లస్వామి ఉమ్మేశాడు. “మావోనికెందుకమ్మా గా పట్టీ?”

“దవాఖానకు పోయినంక చెప్త, బాపు. ఈడ వద్దు.”

గంటన్నర తర్వాత, భూపాలపల్లిలో ఎక్స్‌రే చూసిన డాక్టరు ఎల్లస్వామిని బయటికి పిలిచాడు.

“పడ్డప్పుడే మెడ ఎముక విరిగింది. మీవాణ్ణి అప్పుడే ఎవరైనా ఎత్తినా, భయపడి వాడే తల తిప్పినా, మెడ కింద ఒళ్ళంతా పడిపోయేది. వాడికి తెలియనీయకుండా అంతసేపు తల పట్టుకున్నది నువ్వేనా?”