ఉబ్బిన పొట్ట చేప

గాలానికి నాలుగు చేపలు పడ్డాయి. మూడింటిని చిన్నవని బసవరాజ్ మళ్ళీ నీళ్ళలోకే విసిరేశాడు.

నాలుగోది ఉంచుకున్నాడు. పొట్ట ఉబ్బి గుండ్రంగా ఉంది.

"కడుపు ఎట్లుండాదో చూడు జ్యోతీ, నిండా గుడ్లే! మన చెరువులో ఇట్లాంటిది పడితే ఆ పొద్దు పండగే."

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే బసవరాజ్‌కు చెరువు చేపలు కొట్టిన పిండి. సముద్రాన్ని మాత్రం ఈ వేసవి సెలవుల్లోనే, పెళ్ళాం బిడ్డతో వచ్చి మొదటిసారి చూశాడు. అయితేనేం, చేప చేపే కదా!

ఇసుకలోనే మూడు రాళ్ళు పెట్టి, కారం దట్టించి శివజ్యోతి కూర వండింది. ఆరేళ్ళ హరిత పళ్ళెం పట్టుకుని పొయ్యి దగ్గరే కూర్చుంది.

"నాన్నా, గుడ్లన్నీ నాకే!"

"నీకే తల్లీ, ఎవురూ అడగరులే."

అప్పుడొచ్చాడొక మనిషి. మాసిన గడ్డం, చిరిగిన లుంగీ. పొయ్యి పక్కన పడేసిన చేప తల చూసి ఆగిపోయాడు.

"ఇది తినొద్దప్పా. విషం. పారబొయ్యి."

"ఏమప్పా, మేము పారబోస్తే నువ్వు ఎత్తుకోని తిందామనా? పో, మిగిల్తే పెడతాంలే."

"నీ కాళ్ళు మొక్కుతా..."

"పోతావా, తన్నమంటావా?"

హరిత ముద్ద నోటి దాకా తీసుకుపోయింది.

వాడు ఒక్క దూకు దూకి పాప చేతి మీద కొట్టాడు. కూరగిన్నెను కాలితో తన్నేశాడు. అంతా ఇసుకపాలు. బిడ్డ కెవ్వుమంది.

బసవరాజ్‌కు ఒళ్ళు మండిపోయింది. పసిబిడ్డ మీద చెయ్యా! ఎడాపెడా బాదాడు. వాడు తిరగబడలేదు సరికదా, చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

"పాప తిన్లేదు గదా? అదొక్కటి చెప్పప్పా!" నోట్లోంచి రక్తం కారుతుంటే అడిగాడు.

"యాడ తిననిస్తివిరా పాపిష్టోడా!" అని ఏడ్చింది శివజ్యోతి.

వాడు చేతులెత్తి దండం పెట్టి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

అరుపులు విని, చేపల గంపతో పోతున్న ముసలమ్మ ఆగింది. ఇసుకలో పడున్న తల చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యయ్యో! దీన్ని మేం కుక్కలక్కూడా వెయ్యం నాయనా! ఎంత ఉడికించినా దీని విషం పోదు. ఎవరన్నా తిన్నారా?"

బసవరాజ్ హరితను గుండెకు అదుముకున్నాడు.

"తిన్లేదు, ఆ పోతుండే మనిషి అడ్డం పడినాడు... ఈ ఊరాయనేనా అవ్వా?"

"కాదు నాయనా, మీ యాసే, కడప పక్క మైదుకూరంట. ఆరేళ్ళ కిందట మీ మాదిరే సెలవులకొచ్చి, ఇదే చేప వండించి, ముందుగా ఇద్దరు బిడ్డలకూ తన చేత్తోనే తినిపించాడు. వాళ్ళను ఈ ఒడ్డునే పూడ్చిపెట్టి, ఇంక ఇంటికి పోలా."