లైవ్ ఎటు తిప్పాలి

మధ్యాహ్నం మబ్బు కమ్మిన దగ్గర్నుంచి భీమవరంలోని ఆ చిన్న ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది.

రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టెలు బిగించడం వాళ్ళ వ్యాపారం. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పెట్టె తనే కనిపెట్టి, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లని తిప్పుతుంది. చేత్తో వేసే స్టార్టర్లు తీసేశారు. మనిషితో పని లేదని చెప్పుకోవడమే కంపెనీ గొప్ప.

పెట్టెలని నడిపే ప్రోగ్రాం రామతులసి చూస్తుంది. అందులో పాతదొక బ్రాంచి, కొత్తదొక బ్రాంచి, ఒకే ప్రోగ్రాంకి రెండు రూపాలు. లైవ్ అన్నది ఉత్త పేరు. దాన్ని ఏ బ్రాంచి వైపు తిప్పితే గట్ల మీది పెట్టెలన్నీ ఆ బ్రాంచినే తెచ్చుకుని నడుస్తాయి. పెట్టెలకి తెలిసిన పేరు అదొక్కటే.

నిన్న ఏడో నంబరు చెరువుకి కొత్తరకం పెట్టె బిగించారు. ఆ ఆఫీసులో రైతులకి పేర్లుండవు, చెరువు నంబర్లే. కొత్తది ముందు మా చెరువుకి పెట్టండని ఎవరూ అనలేదు. ఏడో నంబరాయన ఒక్కడే, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, సరేనన్నాడు. ఆ పెట్టె కోసం ఓనరు మణిశంకర్ పొద్దున్నే లైవ్‌ని కొత్త బ్రాంచికి తిప్పాడు. పాత పెట్టెలు కూడా దాంతో నడిచిపోతాయనుకున్నాడు.

నడవలేదు. మబ్బు పట్టి ఎండ లేక ఆక్సిజన్ పడిపోతున్నా పన్నెండు చెరువుల్లో ఏరియేటర్లు కదల్లేదు. రొయ్యలు ఊపిరాడక గట్టువారకి వచ్చేస్తున్నాయని రైతులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. నాలుగో నంబరు బుల్లెమ్మగారైతే ఆ పెట్టె పీకి మీ ఓనరు మెడకి కడతానంది.

"వెనక్కి తిప్పేస్తే పోలేదాండీ?" అన్నాడు ఫోనులెత్తే కిరణ్.

"పన్నెండూ లేస్తాయి. ఏడోది ఆగిపోతుంది. కొత్త పెట్టెకి పాత బ్రాంచి అర్థం కాదు," అంది రామతులసి.

రెండు బ్రాంచిలూ కలిపేద్దామని కూర్చుంది. కలిస్తేనా! స్క్రీను నిండా ఎర్ర గీతలు. మణిశంకర్ లాప్‌టాప్ వీపుకి తగిలించుకుని ఏడో నంబరు గట్టుకి బండి మీద బయల్దేరాడు, ఆ ఒక్క పెట్టెకీ వేరే పేరు నేర్పిద్దామని. దారిలో వంతెన దగ్గర లారీలు అడ్డం పడి ఇరుక్కుపోయాడు. నువ్వే తేల్చమ్మా, ఏం చేసినా నేనేమీ అనను అని ఫోను పెట్టేశాడు.

మళ్ళీ ఫోను. కిరణ్ స్పీకరులో పెట్టాడు.

"మేడం గారేనాండి? ఏడో నంబరండి."

"చెప్పండి," అంది రామతులసి.

"మిగతా చెరువుల్లో మోటార్లు ఆగిపోయాయంటండి. నాదొక్కటే తిరుగుతోందండి. నాది తిరగడానికే వాళ్ళవి ఆపారని గట్ల మీద అనుకుంటున్నారండి."

రామతులసి మళ్ళీ ఎర్ర గీతల వైపు తిరిగింది. కిరణ్ అందుకుని, రొయ్యల పట్టుబడి ఎప్పుడండీ అని అడిగాడు. ఈ ఆదివారమేనండి, తూకానికి కాటా కూడా మాట్లాడేశానండి అన్నాడాయన.

ఆయన వెనక ఏరియేటర్లు నీళ్ళు కొట్టే చప్పుడు వినబడుతోంది.

"వాళ్ళవి చూడండి మేడం గారండి. నాది ఆగితే ఆగిందండి. నా మూలంగా మీరు మాట పడొద్దండి."

పెట్టేశాడు.

"తిట్టేవాళ్ళే నయమండీ," అన్నాడు కిరణ్. "ఈయన మర్యాద వినలేకపోతున్నాను."

రామతులసి ఒక్క వరస టైపు చేసింది. లైవ్, పాత బ్రాంచి. మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. బుల్లెమ్మగారి ఫోను ఇంకోసారి మోగింది. అప్పుడు నొక్కింది.

స్క్రీను మీద పన్నెండు చుక్కలు వరసగా ఆకుపచ్చకి తిరిగాయి. ఏడోది ఎర్రబడింది.

ఫోన్లు ఆగిపోయాయి. ఎవరూ మెచ్చుకోడానికి చెయ్యలేదు. కిరణ్ ఏడో నంబరుకి రెండుసార్లు చేశాడు, ఎత్తలేదు. ఆ చెరువు ఆక్సిజన్ అంకె మెల్లిగా దిగుతోంది. దాన్ని ఆపడానికి ఈ కుర్చీలోంచి చెయ్యగలిగింది ఏమీ లేదు. రామతులసి చూస్తూ కూర్చుంది. కిరణ్ టీ తెప్పించాడు. అది చల్లారిపోయింది.

మణిశంకర్ గట్టు చేరానని ఫోను చేసేసరికి అంకె దాదాపు అడుక్కి వచ్చేసింది. ఏడో నంబరాయనకి నేను సర్ది చెబుతాలెండి అన్నాడు కిరణ్. వద్దు, నేనే వెళ్తానని రామతులసి బండి తాళం తీసుకుంది.

గట్టు మీద బండి ఆపిన ఆమెని చూసి, తేలిన రొయ్యల్ని తట్టలకెత్తుతున్న ఏడో నంబరు రైతు నడుం నిటారు చేసి, "మధ్యాహ్నం క్యారేజీ తిన్నావా లేదా, మీ అమ్మ ఇందాకట్నుంచి నా ప్రాణం తీస్తోంది," అన్నాడు.