తుడిచే ఆవిడ సలహా

"నీ పని నేల తుడవడం. అది చూసుకో."

అత్తగారి మాట కాన్పుల వార్డు ఆ చివరిదాకా వినబడింది.

తడిగుడ్డ పట్టుకుని వంగి ఉన్న ముసలావిడ నొచ్చుకోలేదు.

"మిమ్మల్ని కాదమ్మా, ఆ పిల్లని అడుగుతున్నా. ఈ కాన్పు నువ్వు కావాలనుకున్నదేనా తల్లీ?"

మంచం మీది కోడలు పసిగుడ్డ వైపు చూసి, కాదన్నట్టు తలూపింది. పెద్దవాడికి ఏడాది నిండకముందే నిలిచిన కడుపది.

"ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది కదా. ఇంటికెళ్ళేలోపే, మళ్ళీ వెంటనే కడుపు రాకుండా లూప్ వేయించుకో. అది వద్దంటే వేరేవి ఉన్నాయి. నర్సమ్మని అడిగి, ఏది కావాలో నువ్వే తేల్చుకో."

"వేయించుకుంటానత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

అత్తగారు మూతి ముప్పై వంకరలు తిప్పింది.

"బాగుంది వరస. బకెట్లు మోసేవాళ్ళు కూడా డాక్టర్లైపోయారు. పాలిస్తున్నన్నాళ్ళూ కడుపు రాదు. నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెలీదా?"

"పెద్దాడికి పాలిస్తుండగానే కదమ్మా ఈ బిడ్డ కడుపున పడింది?"

అత్తగారికి ఒళ్ళు మండింది. జవాబు దొరకనప్పుడల్లా ఆవిడకి మండేది ఒళ్ళే.

"ఈ పనిమనిషిని మా మంచం దరిదాపుల్లోకి రానివ్వకండి," అని నర్సుని కసిరి, ఆ సాయంత్రమే కోడల్ని ఇంటికి తీసుకుపోయింది. లూప్ ఊసు మళ్ళీ ఎత్తనివ్వలేదు. గెలిచానని మురిసిపోయింది కూడా, మహాతల్లి.

తొమ్మిది నెలలు తిరక్కుండానే కోడల్ని స్ట్రెచర్ మీద తెచ్చారు. మళ్ళీ కడుపు. ఐదో నెల. చీరంతా రక్తం.

థియేటర్ తలుపులు మూసుకున్నాయి. అత్తగారు బయట బెంచీ మీద కూలబడింది.

"రక్తం ఎక్కిస్తున్నారు. ఇప్పుడే ఏమీ చెప్పలేం," అంది నర్సు.

అత్తగారి కళ్ళు వరండా అంతా వెతికాయి.

"ఆ తుడిచే ఆవిడ ఏదమ్మా? ఒక్కసారి కనబడితే..."

"పోయిన నెల కాలం చేసిందండీ. అయినా ఆవిడ ఇక్కడ పనిమనిషేం కాదు. పన్నెండేళ్ళు తనంతట తానే వచ్చి తుడిచేది."

"ఎందుకు?"

నర్సు ఆవిడ కూర్చున్న బెంచీ వైపు చూసింది.

"ఆవిడా అత్తగారేనండీ. పాలిస్తుంటే కడుపు రాదని, లూప్ వద్దని కోడల్ని ఇంటికి తీసుకెళ్ళింది. మళ్ళీ తెచ్చిన రోజు ఇదే బెంచీ మీద కూర్చుంది, ఆ పిల్ల మాత్రం ఇక లోపల్నించి రాలేదు."