వెండెల్ మాస్టారి చెవి

"ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. ఇంకేమీ అక్కర్లేదు," అన్నాడు వెండెల్. "మంద్రస్వరాలు తిన్నగా స్పీకర్లోకి పోతాయి. పాటలో కలిసే సన్నటి బుస మాత్రం ఈ కెపాసిటర్ దారిన భూమిలోకి దిగిపోతుంది."

ఒహాయోలో మా ఊరి లైబ్రరీలో ప్రతి శనివారం సాయంత్రం ఆయన పాఠం ఇదే. ఈసారి చివరిదాకా మిగిలింది స్కూలు బస్సు నడిపే ఓపల్ ఒక్కతే.

ఆమె అతుకులు పూర్తిచేసి పాట పెట్టింది. వెండెల్ కళ్లు మూసుకుని స్పీకరు మీదికి వంగాడు.

"మీటరుతో కొలవరా మాస్టారూ?"

"యాభై ఏళ్లుగా ఇదే పనిలో ఆరితేరిన చెవి ఉండగా మీటరెందుకు? బుస చుక్కైనా లేదు. నెగ్గావు పో."

ఓపల్‌కు మాత్రం పక్కనే పామున్నట్టు బుస వినిపిస్తూనే ఉంది. చూస్తే కెపాసిటర్ బల్ల మీదే ఉంది. అతకడం మరిచిపోయింది.

ఆ మాట చెప్పబోయేలోగా ఆయన సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఊరి కౌన్సిలుకు అర్జీ. అప్పటికే నూట పన్నెండు సంతకాలున్నాయి.

"మందులు కొట్టి ఊళ్లో కీచురాళ్లన్నిటినీ చంపేశారు. మా ఆవిడా నేనూ వరండాలో కూర్చుని వినేవాళ్లం. మూడేళ్లయింది, ఒక్కటీ కూయలేదు. అడిగేవాడు లేడు. ఈ జనానికి చెవులే లేవు."

కిటికీ అవతల కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా రొద పెడుతున్నాయి.

తనకు ముందు నూట పన్నెండు మంది ఎందుకు సంతకం పెట్టారో ఓపల్‌కు అర్థమైంది. కెపాసిటర్‌ను గుప్పిట్లో దాచుకుని పెన్ను అడిగింది.