పికప్ మీది గది

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటే సర్దుకొని చదవండి. ఈ చిన్న కథ రాయడానికే నాకు పదకొండు రోజులు పట్టింది.

మునిశంకర్, అతని భార్య శశికళ ఏటా మామిడి తోటలు గుత్తకు తీసుకుంటారు. కాయ కోసేదాకా రెండు నెలలు తోటలోనే కాపలా.

కిందటేడు రాయల్పాడు తోటలో గుడిసెలోకి పాము వచ్చింది. ఆరేళ్ళ కూతురు నయన పక్కబట్టల్లోనే ఆ పాము కనిపించింది.

“ఈసారి నేల మీద పడుకునేది లేదు. బండి మీద గది పెట్టించు. లేకుంటే నేనూ రాను, బిడ్డనూ పంపను,” అంది శశికళ.

కాపలాకు వెళ్ళడానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

ముగ్గురూ తమ పాత పికప్‌లో రాబర్ట్‌సన్‌పేట వచ్చారు, లారీ బాడీలు కట్టే చంద్రు షెడ్డుకు.

అక్కడ అమ్మకానికి రెండు గదులున్నాయి. పికప్ వెనక ఎక్కించుకొనేవి. దారిలో కప్పు దించుకోవచ్చు, పడుకునేటప్పుడు పైకెత్తుకోవచ్చు. ఒకటి ఇనప రేకుది. రెండోది అల్యూమినియం గొట్టాలకు మందపాటి క్యాన్వాసు బిగించింది.

“చూస్తా ఉండండి, టీ తాగొస్తా,” అని చంద్రు వెళ్ళాడు.

శశికళ ఇనప గది తలుపు లాగింది. రాలేదు.

బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, గడియ కింద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. తెరుచుకుంది.

“ఇదే బాగుండాది. దీంట్లోకి చీమ కూడా దూరదు,” అంది శశికళ.

“మీ బండికి ఇది వద్దమ్మా,” అన్నాడు ముసలాయన.

మునిశంకర్ నవ్వాడు. “టన్ను కాయలు మోసే బండి తాతా. ఈ డబ్బా ఒక లెక్కా?”

ముసలాయన వంగి, బండి కింద స్ప్రింగు పట్టీలు తడిమి చూశాడు.

“కాయలు అడుగున పడుకుంటాయప్పా. ఇది కప్పు దించినా ఎత్తుగా నిలబడుంటాది, మలుపులో తూగుతాది. కాయలు మండీలో దిగిపోతాయి. ఇది రెండు నెల్లు దిగదు. ఈ పట్టీలు అలిసిపోయినాయి.”

“గుడ్డ గదిలోకి పాము రాదా?” అంది శశికళ.

“జిప్పు ఏసుకుంటే రాదు. బండి పక్కకు పడితే, ఇనుములోనుంచి బిడ్డను ఎట్ల తీస్తావు తల్లీ?”

“నీ నోటికి మంచి మాటే రాదా?” శశికళ నయనను దగ్గరికి లాక్కుంది.

మునిశంకర్‌కు కోపం వచ్చింది. “ఆ గుడ్డ గది నీ అల్లునిదా తాతా? దాన్ని మాకు అంటగట్టేదానికి ఈడ కూర్చోనుండావా?”

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

చంద్రు రాగానే ఇనప గదే అడిగారు. షెడ్డు మనుషులు దాన్ని బండి మీదికి ఎక్కించారు.

“ఇంగ బేరం మాట్లాడదామా?” అన్నాడు చంద్రు.

“ఒక్క చుట్టు తిప్పి చూస్తామప్పా,” అంది శశికళ. ముసలాయన మాట ఆమెను వదల్లేదు. నయనను ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

మొదటి మలుపులోనే బండి ఎడమకు ఒరిగింది. వెనక పట్టీ ఒకటి టప్పుమంది. మునిశంకర్ బ్రేకు తొక్కాడు. ఇంకో జానెడు ఒరిగితే మురుగుకాలవే.

మునిశంకర్ దిగి, బండి కింద వంగి చూశాడు.

“తాత చెప్పినాడు కదమ్మా,” అంది నయన.

పట్టీలు మార్పించి, క్యాన్వాసు గదే తీసుకున్నారు.

ఆ కాపలాలో రెండుసార్లు గాలివాన వచ్చింది. గది కదల్లేదు. పాము రాలేదు. శశికళకు మాత్రం మలుపు మలుపుకీ ముసలాయన గుర్తొచ్చేవాడు.

కోత అయిపోయాక, బుట్టెడు పండ్లతో ముగ్గురూ షెడ్డుకు వచ్చారు. బెంచీ ఖాళీగా ఉంది.

“ఆ పొద్దు ఈడ కూర్చోనున్న తాత యాడుంటాడప్పా? మేము నోరు జారినాము,” అంది శశికళ.

“ఆంజినప్పా? ఊరొదిలి పోయినాడమ్మా. యాడికో ఎవరికీ చెప్పలేదు.”

“ఈ గుడ్డ గది ఆయనోళ్ళదేనా?” అన్నాడు మునిశంకర్.

“ఇది నేను కట్టింది కదప్పా. ఆయన అమ్మేదానికి పెట్టింది ఆ ఇనప గది. మూడు నెల్లు ఆ బెంచీ మీదే కాసుకోని కూర్చున్నాడు, కొంటామని వచ్చింది మీరొక్కరే.”

— ఆదిలక్ష్మమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది శ్రీనివాసపురం.