రమామణి పుస్తకానికి రెండు సమీక్షలు

సంపత్కుమార్‌కు ముద్ద దిగడం లేదు. ఎదురుగా బల్ల మీద రెండు పత్రికలు పరిచి ఉన్నాయి. భార్య రమామణి తొలి కథల పుస్తకం మీద ఒకే వారంలో వచ్చిన రెండు సమీక్షలు. ఒకటి ఆకాశానికెత్తింది. ఇంకొకటి ఉతికి ఆరేసింది.

రెండింటి కిందా ఉన్నవి మారుపేర్లే. అందులో ఒకటి సంపత్కుమార్‌ది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం వెలగబెడుతూ, ఇంట్లో తెలియకుండా ఏళ్లుగా సమీక్షలు రాస్తున్న పెద్దమనిషి, కనీసం పెళ్లాం పుస్తకం దగ్గరైనా ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది. సంపాదకుడు తొందరపెట్టాడని ఒక్క పూటలో గిలికి పంపేశాడు. అచ్చులో చూసుకున్నాక సిగ్గుతో చచ్చిపోయాడు.

రాయడమా మానడమా అన్నది సమీక్షలు చూసే తేల్చుకుంటానని రమామణి ముందే చెప్పింది. అవి వచ్చినప్పటినుంచి ఆమె కలం ముట్టలేదు. సగంలో ఆగిపోయిన కొత్త కథ కంటపడినప్పుడల్లా అతనికి మనసు పీకుతోంది.

"ఆ తిట్టినదాన్ని పట్టించుకోవద్దు రమా. చింపి పారెయ్," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా.

ఆమె చింపలేదు. మళ్లీ చదివింది. గూడూరు నిమ్మకాయల మండీ కథలో గుమాస్తాను మొదట ఎడమకాలితో కుంటించి, చివర్లో కుడికాలితో కుంటించిందట. అది ఆ సమీక్షకుడు పట్టేశాడట. సూళ్లూరుపేట రైలు కథ రెండు పేజీల ముందే అయిపోయిందన్నాడట. అదీ నిజమేనని ఒప్పుకుంది.

"ఈయన చదివినాడండీ. ప్రతి పేజీ చదివి తిట్టినాడు. ఇట్లా చదివేవాడు ఒక్కడుంటే చాలు, నేను రాస్తాను."

సమీక్ష రాసింది నేనేనన్న మాట సంపత్కుమార్‌కు నాలుక చివరిదాకా వచ్చింది.

ఈలోగా ఆమె రెండో పత్రిక అందుకుంది.

"ఈ పొగిడినాయన్ని చూడండి. నా కథలు చదువుతుంటే కళ్లనీళ్లు ఆగలేదంట. అన్నీ నవ్వు కథలే కదా, ఏడిపించేది యాడ ఉండాది? అట్ట దాటి లోపలికి పోలేదు ఈ మనిషి. ఇట్లాంటోడి మొహం జన్మలో చూడను."

ఆ మొహాన్ని సంపత్కుమార్ మెల్లగా కంచంలోకి దించుకున్నాడు.